క్లాసులో చెప్పి, నాకు చెప్పని మాట

చూడు పంతులమ్మా, ముప్పై ఒక్క ఏళ్లు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు. ఊరూ పేరూ తెలియని పిల్లలందరికీ క్లాసులో చెప్పిన మాట, కట్టుకున్నవాడితో అనడానికి మాత్రం నోరు రాలేదా నీకు?

అలా నవ్వకు. ఫొటోలో ఉన్నాను కదా అని తప్పించుకుందామనుకుంటున్నావేమో! నువ్వు పోయి మూడు నెలలైంది, నీ కళ్లజోడు ఇంకా పెట్టిన చోటే ఉంది. నేనూ ఎక్కడికీ పోను. ఇవాళ తేలాల్సిందే.

నిన్న సాయంత్రం నీ స్టూడెంటు ఒకావిడ వచ్చింది. ఇప్పుడు తనూ ఇంగ్లీషు లెక్చరరేనట. జుట్టు సగం నెరిసింది. అయినా నీ కుర్చీ చూడగానే చిన్నపిల్లలా ఏడ్చేసింది. టీ పెట్టిచ్చాను. పంచదార వేయడం మరిచిపోయాను. పాపం, ఏమీ అనకుండా తాగేసింది.

ఏదో ఒకటి మాట్లాడాలి కదా, నీ నవలల సంగతెత్తాను. నాకు తెలిసిన ఇంగ్లీషు నవలలన్నీ నువ్వు భోజనాల దగ్గర చెప్పినవేగా. చిరిగిన పుస్తకాలకి బైండు చేసేవాణ్ణి, లోపలున్నది చదివే ఇంగ్లీషు నాకెక్కడిది!

"అన్నీ ఒకటే కథ కదమ్మా," అన్నాను. "ఓ అమ్మాయి, ఇద్దరు మగాళ్లు. ఒకడు సోగ్గాడు, వాడు గదిలోకొస్తే ఆ పిల్లకి ఊపిరాడదు. రెండోవాడు మంచివాడు, పక్కన కూర్చుని కబుర్లు చెబుతాడు, కష్టమొస్తే ఆదుకుంటాడు. సోగ్గాడు మోసం చేస్తాడు. పిల్లకి జ్వరమొస్తుంది. జ్వరం తగ్గాక బుద్ధొచ్చి మంచివాణ్ణి చేసుకుంటుంది. అంతేగా?"

ఆవిడ కళ్లు తుడుచుకుని నవ్వింది. "అంతేనండీ. కానీ మేడం చివర్లో ఒక మాట అనేవారు."

ఏం మాటమ్మా అన్నాను.

"'మంచివాడికి కోరిక ఉండదని ఇందులో ఎక్కడ రాసుందో చూపించండి' అనేవారు. 'కబుర్లు చాలని ఆ పిల్ల ఎప్పుడైనా అందా? ఆ మనిషి ఒక్కసారి ధైర్యం చేసి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని ఉంటే, ఈ నవల వంద పేజీల ముందే అయిపోయేది' అనేవారు. క్లాసంతా ఘొల్లున నవ్వేవాళ్లం. మేడం మాత్రం నవ్వేవారు కాదండీ. కిటికీలోంచి లైబ్రరీ వైపు చూస్తూ నిలబడేవారు."

లైబ్రరీ వైపు! ఆ లైబ్రరీ వెనక గదిలో ఎవడుండేవాడు? జిగురు డబ్బా ముందేసుకుని, నేనేగా!

నాకేం తెలుసే? నువ్వే చెప్పు. పెళ్లినాటికి నువ్వు ఎమ్మే. నేను బైండరుని. మీ నాన్నా మా నాన్నా స్నేహితులు కాబట్టి కుదిరిన సంబంధం. నా మొహం చూస్తే మచ్చలు, చేతులు చూస్తే జిగురు కంపు. ఎన్ని సబ్బులు అరగదీశానో నీకు తెలీదు.

పెళ్లైన నెలకి మొదటి నవల చెప్పావు. "చివరికి ఎవర్ని చేసుకుంది?" అనడిగాను. "ఇంకెవర్ని, మంచివాణ్ణే," అన్నావు నా వైపు చూసి. ఆ చూపు నాకెలా అర్థమైందో తెలుసా? ఓహో, ఈవిడ మనసులో సోగ్గాడెవడో ఉండి వెళ్లిపోయాడు, నేను జ్వరం తగ్గాక దొరికినవాణ్ణి, అనుకున్నాను.

సరే, మంచివాడంటే మంచివాడిలాగే ఉందామనుకున్నా. మొదట్లో రెండు మూడేళ్లు ఏదో దాంపత్యమనేది ఉండేది. అదీ తప్పు చేస్తున్నవాడిలాగే. ఆ తర్వాత నీకు నడుం నొప్పి వచ్చింది. నేనే రెండో మంచం కొనుక్కొచ్చాను, "నీకు హాయిగా ఉంటుంది," అని. నొప్పి తగ్గిపోయింది. మంచం ఉండిపోయింది.

కబుర్లకేం, కావలసినన్ని! మనల్ని చూసి అందరూ మురిసిపోయేవాళ్లు. అన్యోన్య దంపతులట!

కోరిక లేకనా? అయ్యో పిచ్చిదానా! నువ్వు తలొంచుకుని పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, జడ పక్కకి జారి మెడ కనిపించేది. అక్కడో పుట్టుమచ్చ. న్యూస్‌పేపరు అడ్డం పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక్క పేజీ ముప్పావుగంట! "ఏంటండీ ఇవాళ విశేషాలు?" అని నువ్వడిగితే, ఒక్క వార్తా నోట్లోకి వచ్చేది కాదు. యాభై దాటాక కూడా అంతే. చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది.

ఇంక ఆ వాన రోజు సంగతి.

పెళ్లైన ఆరో ఏడు. లైబ్రరీ మూసే వేళ. తడిసి ముద్దై నా గదిలోకొచ్చావు. గొడుగు చేతిలోనే ఉంది, తెరవలేదు. అప్పుడది నా బుర్రకి తట్టనే లేదు. తలుపు నువ్వే దగ్గరగా వేశావు. నీ జుట్టులోంచి నీళ్లు కింద పరిచిన కాగితాల మీద టపటపా పడుతున్నాయి.

నేనేం చేశాను? తువ్వాలు అందించి, "తుడుచుకో, జలుబు చేస్తుంది," అని గోడవైపు తిరిగి కూర్చున్నాను. పుస్తకం కుట్టడం మొదలుపెట్టాను.

ఎంతసేపు నిలబడ్డావో! చివరికి, "మీరు చాలా మంచివారండీ," అని వెళ్లిపోయావు.

పాతికేళ్లు, పంతులమ్మా! పాతికేళ్లు ఆ మాటని మెప్పనుకుని దాచుకున్నాను. నిన్న ఆవిడ చెప్పి వెళ్లాక గానీ, అప్పుడు నీ గొంతెలా ఉందో నాకు గుర్తు రాలేదు.

పోనీ, తప్పంతా నాదేనా? నువ్వూ ఒక మాట అనొచ్చుగా? నోరు తెరిచి అడగొచ్చుగా?

లేదులే. గొడుగు చేతిలో పెట్టుకుని వానలో తడిసి వచ్చినదానివి. ఇంకేం అడగాలి నువ్వు, పాపం!

ఒక్కటి మాత్రం ఒప్పుకోనీ. ఆ రోజు గోడవైపు తిరిగి నేను పుస్తకమేమీ కుట్టలేదే. చేతులు వణికి సూదిలోకి దారం ఎక్కలేదు. నీకు తెలియకూడదని, ఉత్త సూదే ఆడిస్తూ కూర్చున్నాను. మెట్ల మీద నీ అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా.