ఆఖరి క్యాబిన్

సూరత్‌లోని ఉన్ అనే బస్తీలో ఒంటిగది ఇల్లు, వెనక చిన్న వంటిల్లు. కరోనా రెండో వేవ్ తగ్గిన ఏడాది, డిసెంబరు. ల్యాప్‌టాప్ ముందు సింధూజ. మగ్గాల షెడ్డు నుంచి అప్పుడే వచ్చిన తండ్రి సోమలింగం పక్కన కూర్చున్నాడు. తల్లి భాగీరథి వంటింట్లో ఉంది.

“బాపూ, జల్ది చెప్పు. డాంగ్ అడవిల శనివారానికి రెండే మిగిలినయి. ఒకటి లాడ్జి రూము, ఒకటి కట్టె క్యాబిన్.”

“లాడ్జా? ఛీ. పెండ్లాన్ని, బిడ్డను తోల్కొని లాడ్జికి పోతడా ఎవడన్న?”

“అది సర్కారుది బాపూ!”

“సర్కారుదైతేంది, బోర్డు మీద లాడ్జి అనే ఉంటది గదా. గల్లీల తెలిస్తే నా ఇజ్జత్ ఏంగావాలె?”

“సరే, క్యాబిన్. ఫోటో చూడు, వరండా, ఉయ్యాల, ముందట చెట్లు...”

“క్యాబిన్ అసలుకే వద్దు.”

“దానికేమొచ్చింది?”

“క్యాబిన్ల మా షెడ్డు శేఠ్ కూసుంటడు బిడ్డా. ఇరవై ఏండ్లల్ల నన్ను అండ్లకు పిలిచినప్పుడల్ల తిట్లే పడ్డయి. పైసలిచ్చి మల్ల అండ్లనే పండుకోవాల్నా?”

“ఇండ్ల శేఠ్ ఉండడు. నెమళ్ళుంటయి.”

“నెమళ్ళు అరుస్తయి.”

“మగ్గాల నడుమ కునుకు తీసేటోనివి, నీకు నెమలి అడ్డమా? బాపూ, రెండేండ్లాయె గీ నాలుగు గోడలే చూడబట్టి. క్లాసులు గీడనే, పరీక్షలు గీడనే, నాకు కరోనా అచ్చింది సుత గీడనే. ఇగ నొక్కుతున్న.”

“ఆగాగు! సూదేసుకున్న కాయితం అడుగుతరేమో?”

“ముగ్గురివీ రెండు డోసులవి పెట్టిన.”

“మరి... నీళ్ళు మంచిగుంటయా?”

“ఉంటయి.”

“కోతులు?”

“అవ్వి సుత ఉంటయి! ఏంది బాపూ, ఇయ్యాల గిన్ని అడుగుడేంది? మాటిమాటికి వంటింటి దిక్కు చూస్తవేంది?”

“చాయ్ కోసం. ఏమేయ్, అయ్యిందా?”

“అయితాంది! ఇంకొక్క నిమిషం ఆపు!”

“చాయ్‌ను ఆపుడేందమ్మా? అయ్యో... అయ్యో బాపూ! క్యాబిన్ పోయింది! ఎవలో బుక్ చేసేసిండ్రు! నీ నెమళ్ళు, నీ కోతులు!”

“ఎవలో పాపం. మంచోళ్ళే అయ్యుంటరు తియ్.”

“అమ్మా, నీ ఫోన్ మోగింది. మెసేజ్ ఏమో చూడు.”

“చూసిన్నే. కట్టె క్యాబిన్. మనుషులు ఇద్దరు. నువ్వే నేర్పితివి గదా ఓటీపీ కొట్టుడు.”

“ఇద్దరా? మరి నేను?”

“రెండేండ్లు నీ ఆన్‌లైన్ క్లాసులు అయ్యేదాంక నోరు తెరిస్తే హుష్ అంటివి. మొగడు పెండ్లాలం సైగలతోని సంసారం చేసినం. గా రెండు దినాలన్న జర మాట్లాడుకోనియ్యి. నీకు తోడు పక్కింటి బాలవ్వ వచ్చి పండుకుంటది.”

“బాలవ్వ గురక పెడ్తది!”

“హుష్ అను.”

“బాపూ, నువ్వన్న చెప్పు! క్యాబిన్ అంటే భయమంటివి గదా!”

“ఇప్పటికీ భయమే బిడ్డా. గని గీసారి పిలిచింది శేఠ్ కాదు, మీ అమ్మ. పోకుంటే ఎట్ల?”