లోయ పుట్టించిన పున్నారావు

తెనాలి బండికి ఇంకా నలభై నిమిషాలుంది. రేపల్లె స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర పున్నారావు గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ళు రైసు మిల్లులో బాయిలర్ చూసిన మనిషి. ఆ మిల్లు మూసేసి రెండు నెలలైంది. ఎదురు బల్ల మీద కూర్చున్న వినోద్ కుమార్ కొలకలూరులో కొత్తగా ఉప్పుడు బియ్యం మిల్లు కడుతున్నాడు. బాయిలర్ మనిషి కోసమే వచ్చాడని కొట్టులో అందరికీ తెలుసు.

"పోయిన వేసవిలో నేనూ మీ పిన్నీ అమెరికా వెళ్ళాం కదా వినోదూ, అక్కడ మా మరదలి కూతురు సాయిసుధా, దాని మొగుడు గౌతమూ ఒకరోజు కారులో పార్కుకి తీసుకెళ్ళారు. పార్కంటే జారుడుబల్లలు అనుకునేవు. బాపట్ల, తెనాలి, రేపల్లె కలిపినా దాంట్లో ఓ మూలకి రావు. నేలలో చిల్లులు, వాటిలోంచి మరిగే నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేస్తాయి. జనం కెమెరాలు పట్టుకుని కూర్చున్నారు. ఇంకో ముప్పావుగంటకి లేస్తుందని బోర్డు పెట్టారు. నేను చెప్పులు విప్పి పాదం ఆనించాను. ఏడు నిమిషాలన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏడు నిమిషాలకి లేచింది," అన్నాడు వినోద్.

"ఆరున్నరకే లేచింది! టోపీ పెట్టుకున్న ఆఫీసరు పరిగెత్తుకొచ్చి, ఎలా కనిపెట్టారు సార్ అన్నాడు. తెలుగులోనే అన్నాడు."

"తెలుగులోనా?" రిటైరైన సోషల్ మాస్టారు జ్ఞానానందం గారు పేపరు దించారు.

"కంగారులో ఏ భాషైనా వస్తుంది మాస్టారూ. అసలు సంగతి వినండి. పక్కనే ఇంకో చిల్లు బుసలు కొడుతోంది. ప్రెషర్ చాలా ఎక్కువుందయ్యా, ఇక్కడ ఆడపిల్లలు ఉన్నారు అని, కండువా నాలుగు మడతలు వేసి ఆ చిల్లు మూసి, పైన రుబ్బురోలంత రాయి పెట్టి, దాని మీద నేను కూర్చున్నాను. మీ పిన్ని పులిహోర డబ్బా తెస్తే అక్కడే తిన్నాను. కింద భూమి ఊగుతోంది. నేను లేస్తానా? ఆవిరికి దారి లేక అటు తిరిగింది, ఇటు తిరిగింది, చివరికి తూర్పు పక్క కొండని ఫెళ్ళున చీల్చుకుంటూ ఇరవై మైళ్ళు పోయింది. అదిగో, ఇప్పుడు జనం వెళ్ళి ఫొటోలు తీసుకునే పసుపురంగు లోయ, అది అలా పడిందే!"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ లోయ బొమ్మ నేను ఎనభై తొమ్మిదిలోనే పిల్లలకి చూపించానే?"

"అది పాత లోయండి. దాని పక్కది."

"పక్కన ఇంకోటి ఉందా?"

"నేను తిరిగొచ్చేటప్పటికి ఉంది."

మాస్టారికి ఏది నమ్మాలో తోచలేదు. కొట్టతను వంతులవారీగా ఇద్దరి ముఖాలూ చూస్తూ నవ్వుతున్నాడు. వినోద్ మాత్రం నవ్వలేదు.

"బాబాయ్, ఆవిరి పోయే దారి మూశావా?"

"గట్టిగా మూశాను."

"ప్రెషర్ ఎక్కువుందని తెలిసీ?"

"తెలిసే!"

"నా మిల్లులో ముప్పైమంది పనిచేస్తారు బాబాయ్. సేఫ్టీ వాల్వు మీద రాయి పెట్టి పులిహోర తినేవాణ్ణి బాయిలర్ గదిలోకి ఎలా రానివ్వను?" అని వినోద్ లేచాడు.

పున్నారావు అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. స్టేషన్లో ఏదో అనౌన్స్‌మెంటు వినిపించి ఆగింది.

"మూయలేదయ్యా," అన్నాడు.

"ఏంటి?"

"జనం నడవడానికి వేసిన చెక్కబాట మీంచి కాలు దింపలేదు. రాయీ లేదు, రోలూ లేదు."

"మరి లోయో?" మాస్టారు అడిగారు.

"ముందే ఉందండి. కమ్మీ పట్టుకుని చూశాను."

"అసలు అమెరికా వెళ్ళారా?"

"అయ్యో, వెళ్ళామండీ! సత్యప్రమాణంగా వెళ్ళాం!" ఆ ఒక్క ముక్కా ఎవరూ నమ్మినట్టు లేరు.

వినోద్ బల్ల పట్టుకుని వంగాడు. "నీళ్ళు లేచినప్పుడు ఏం చేశావు? నిజం చెప్పు."

"వెనక్కి పరిగెత్తాను." గొంతు బాగా తగ్గింది. "మీ పిన్నిని రెక్క పట్టి లాక్కెళ్ళాను. జనమంతా చప్పట్లు కొడుతున్నారు, నేనొక్కణ్ణే పరిగెడుతున్నాను. ఆ ఆవిరి చప్పుడు ఏంటో నాకు తెలుసు వినోదూ. చప్పట్లు కొట్టేవాళ్ళకి తెలీదు."

వినోద్ మళ్ళీ కూర్చున్నాడు. "సోమవారం పొద్దున్నే కొలకలూరు రా బాబాయ్. బాయిలర్ నీదే."

జ్ఞానానందం గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "అంటే, పారిపోయినందుకు ఉద్యోగమా?"

"పారిపోవడమంటే మామూలు పరుగు కాదు మాస్టారూ," పున్నారావు సర్దుకుని కూర్చుని గ్లాసు అందుకున్నాడు. "వెనకనుంచి గౌతం కారు వేసుకుని వచ్చాడు, ఎనభై మైళ్ళ స్పీడులో. నన్ను అందుకోలేక..."

"బాబాయ్," అన్నాడు వినోద్.

పున్నారావు టీ తాగాడు.