దొరసాని మూడో గుండె

ఆక్వేరియం ఎదురుగా ఉన్న టీ కొట్టులో పెద్దాయన ఇవాళ గడ్డం గీసుకొచ్చి మరీ కూర్చున్నాడు. ఎదుటి బల్ల మీదున్నది కొత్త మేనేజరు. లోపలి ఆక్టోపస్ గుడ్లు పెట్టిందనీ, దాన్ని చూసుకోవడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలనీ పొద్దున్నే అన్నాడట. పెద్దాయనకి అక్కడ ఉద్యోగం పోయి పన్నెండేళ్లు. ఎందుకు పోయిందో ఆయన ఎవరికీ చెప్పడు.

"మా ఆక్టోపస్ పేరు దొరసాని అండీ. సీసాలో పీతని పెట్టి మూత బిగించి ఇస్తే, తిప్పి తీసి తినేది. అదేం గొప్ప కాదు లెండి, ఆ జాతికి అలవాటే. మా దొరసాని తిన్నాక మూత మళ్లీ బిగించి నా చేతికిచ్చేది."

"కడిగి ఇచ్చేదా?" అన్నాడు పక్కన టీ తాగుతున్న లారీ డ్రైవరు.

"కడిగే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్క తొట్టెలో పీతలు తగ్గుతున్నాయి. నక్కి చూద్దును కదా, తొట్టె మూత ఎత్తుకుని, గోడ దిగి, అక్కడ భోంచేసి, తిరిగొచ్చి మూత వేసుకుని, నేల మీద తడి కూడా తుడిచేస్తోంది. మా ఆవిడకి కూడా అంత శుభ్రం లేదు, అది వేరే కథ అనుకోండి."

"మరి నాతో రోజూ ఎందుకు తుడిపించారో," అంది టీ కొట్టావిడ. అప్పట్లో ఆవిడ లోపల ఊడ్చే పనిలో ఉండేది.

పెద్దాయన వినపడనట్టు మేనేజరు వైపు జరిగాడు. "నాకు జ్వరమొచ్చిన రోజు రిజిస్టరులో నా సంతకం అదే పెట్టింది, సొంత సిరాతో. ఎనిమిది చేతులు కదా, రానివాళ్లు ఇంకో ఏడుగురివీ పెట్టేసింది. దానికి మూడు గుండెలండీ. మూడోది నాకోసమే కొట్టుకునేది. అద్దానికి చెవి ఆనిస్తే వినపడేది."

మేనేజరు నవ్వాడు. "గుడ్లు పెట్టిందా?"

పెద్దాయన చేతిలో గ్లాసు ఆగింది. "పెట్టకేం, లక్ష. అన్నీ దండల్లా మెళ్లో వేసుకుని, నీళ్ల గొట్టంలోంచి సముద్రంలోకి వెళ్లిపోయింది. వెళ్తూ ఎనిమిది చేతులూ ఊపింది."

"గుడ్ల మీదున్నది ఎక్కడికీ పోదు అన్నయ్యా," అంది ఆవిడ, తలెత్తకుండా గ్లాసులు కడుగుతూ. "తిండి మానేసి వాటికి నీళ్లు ఊదుతూ కూర్చుంటుంది. తర్వాత నువ్వే ఏడుస్తూ చెప్పావు."

"ఇప్పుడెందుకమ్మా అదంతా?"

"లోపల ఇంకొకటి గుడ్ల మీదుంది కనక. అప్పుడు దొరసాని గుడ్లు రాతికి తెల్లగా వేలాడుతుంటే బూజనుకున్నావు. తనిఖీ వాళ్లొస్తున్నారని బ్రష్షుతో బకెట్టులోకి గీకేశావు. ఆ బకెట్టు పారబోసిన చేతులివి."

మేనేజరు గ్లాసు కింద పెట్టి లేచాడు.

"ఒక్క మాట వినండి," అన్నాడు పెద్దాయన. తనూ లేచాడు. "ఖాళీ రాతికే నీళ్లు ఊదిందండీ అది. ఇరవై రెండు రోజులు, చచ్చిపోయేదాకా. నేను అక్కడే నిలబడి చూశాను."

మేనేజరు అప్పటికే ఆక్వేరియం గేటు దాటాడు.

"ఖాళీ రాతికి ఊదిందా?" లారీ డ్రైవరు తొడ చరిచి నవ్వాడు. "ఇంతసేపూ నమ్మాను గానీ, ఇది మాత్రం పచ్చి కోత పెద్దాయనా."