మట్టి మీద పోసిన కల్లు

సభకు పెద్దగా కూర్చున్న మన బడి కరస్పాండెంటు ప్రతాప్ గారికి, ఇవాళ్టితో కుర్చీ దిగుతున్న హెడ్మాస్టర్ ఎడ్వర్డ్ సారుకు, రేపటి నుంచి ఆ కుర్చీలో కూర్చోబోయే జానకీదేవి మేడానికి, ముందు వరుసలో ఉన్న పాస్టర్ జోయెల్ అయ్యగారికి, మేడ్చల్ నలుమూలల నుంచి పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు ఈ కృపమ్మ దండాలు. నాకు అక్షరం రాదు. నేను మాట్లాడుతుంటే మా ఎదురింటి లిఖిత రాసుకుంటోంది. మాటలు కొంచెం సరిచేస్తానంది. సరే గానీ కోపాన్ని మాత్రం ముట్టుకోవద్దన్నాను. (నవ్వులు)

ఈ శాలువా నా చేతికిచ్చింది కమిటీవాళ్లు. ఈ బడికి పిల్లల్ని పంపేవాళ్లలో నేనే పెద్దదాన్నట, సారుకు నేనే కప్పాలట, రెండు మంచి మాటలు చెప్పాలట. చెబుతాను. నా కొడుకు ఏలియా చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి మేడ్చల్ స్టేషన్లో రైళ్లు లెక్కబెడుతూ తిరుగుతుంటే, ఎడ్వర్డ్ సారు ప్లాట్‌ఫారం మీదికే వచ్చి, వాడి పక్కన బెంచీ మీద కూర్చుని, తన టిఫిన్ డబ్బా విప్పి సగం వాడికి పెట్టి, తిన్నాక ఇద్దరూ మాట్లాడుకుంటూ నడిచి బడికి వచ్చారు. దెబ్బ వేయలేదు. పేరు కొట్టేయలేదు. ఆ సారుకు శాలువా కప్పమంటే ఉరికొస్తాను. ఆ సారు ఎక్కడికి పోయాడన్నదే నా కోపం.

ఈ ఏడాది బడి తెరవగానే ఒక రూలు పెట్టారు. మందుగానీ కల్లుగానీ ఉన్నచోట మన పిల్లలు కనబడకూడదు, కనబడితే తాగినా తాగకపోయినా బడి బయటే. విని నేనూ తలూపాను. పిల్లలు తాగొద్దంటే కాదనేదెవరు? తాగిన పిల్లకు ముందు నా చెయ్యే తగులుతుంది.

మా ఆయన అన్న, మా బావ గండయ్య మీ అందరికీ తెలుసు. మా ఇంట్లో మేము చర్చికి పోతాం, ఆయన పోయేవాడు కాదు. ఆదివారం నన్ను చర్చి గేటు దగ్గర దింపి, సైకిలు తిప్పుకుని కల్లు కాంపౌండుకు పోయేవాడు. (నవ్వులు) నా మనుమరాలు ఏంజెల్‌ను నర్సరీ నుంచి ఈ బడికి తెచ్చి దింపింది ఆ సైకిలే. సంక్రాంతి సెలవులైపోయి బడి తెరిచిన వారంలోనే ఆయన పోయాడు. మా దిక్కున మూడో దినం, పోయినవాళ్లు ఇష్టపడ్డది సమాధి దగ్గర పెడతాం. కల్లు తాగినవాడైతే ఇంత కల్లు ఆ మట్టి మీద పోస్తాం. అది ఎవరు పోయాలో బావ ముందే ఏంజెల్‌ను పిలిచి చెప్పిపెట్టాడు. "బిడ్డా, నువ్వే పొయ్యాలె. ఆ బాలేష్ గాని చేతికిస్తే సగం వాడే తాగుతడు" అన్నాడు. బాలేష్ ఆయన అల్లుడు, కౌకూర్‌లో ఉంటాడు.

పిల్ల బడి నుంచి తిన్నగా సమాధుల దగ్గరికే వచ్చింది, యూనిఫాంతోనే. ముంత పట్టుకుని, ఏడ్చుకుంటూ మట్టి మీద పోసింది. పాస్టరయ్యగారూ, తల దించుకోకండి, మీరూ అక్కడే ఉన్నారు. ప్రార్థన చేసి, ముంత బయటికి రాగానే ఫోనొచ్చిందని గోడ అవతలికి నడిచారు. (నవ్వులు) అది మర్యాదే, నేను తప్పు పట్టను. బాలేష్ మాత్రం ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టాడు. ఎవరో పుణ్యాత్ములు దాన్ని మోసుకొచ్చి సారుకు చూపించారు.

అంతే. ఏంజెల్ బడి బయట. పదో తరగతి పిల్ల, సోమవారం నుంచి ప్రీఫైనల్ పరీక్షలు. నేను ఆఫీసుకు పోయి అడిగాను.

"సారూ, అది తాగిందా?"

"తాగలేదమ్మా. కానీ చేతిలో ఉంది కదా."

"చేతిల ఉన్నది మా బావది సారూ. సచ్చినోని కల్లు."

"రూలు అందరికీ ఒకటేనమ్మా."

అందరికీ ఒకటేనా? ప్రతాప్ గారూ, మీరు సభకు పెద్దవారు, కోపం తెచ్చుకోకండి, తెచ్చుకున్నా నేనాగను. దీపావళి అయినాక శామీర్‌పేట రిసార్టులో మీ అబ్బాయి పెండ్లి సంగీత్ జరిగింది. స్వాగతం డాన్సుకు మన బడి పిల్లల్ని మన బడి బస్సులోనే తీసుకుపోయారు. పిల్లలు ముందర ఆడుతుంటే వెనక బల్లల మీద సీసాలు నిలబడి ఉన్నాయి. ఏంజెల్ ఆ డాన్సులోనూ ఉంది. ఇదే మాట సారుతో అంటే, "అది వేరే అమ్మా, అది స్కూలు ప్రోగ్రాం" అన్నారు.

పెద్దవాళ్ల సీసాల ముందు ఆడితే ప్రోగ్రాం, తాత మట్టి ముందు ఏడిస్తే తప్పు. ఇదేం లెక్క? మీ రూలు పిల్ల నోరు చూడలేదు, చేతిలో ముంత చూసింది. ఈ హాల్లో ఎవరింటి పెండ్లిలో, ఎవరింటి చావులో సీసా లేదో వాళ్లు చెయ్యెత్తండి. ఇస్హాక్ భాయ్, మీరు ఎత్తొచ్చు, ఎత్తండి. (నవ్వులు) కానీ మీ వాడు కూడా తోటి పిల్లకు తోడుగా మా బావ సమాధి దగ్గరికి వచ్చాడు. ఫొటోలో పడలేదు, బతికిపోయాడు. లిఖితా, ఆ పిలగాని పేరు రాయకు.

ఇట్లయితే రేపు పిల్లలేం నేర్చుకుంటారు? సొంత తాత పోయినా ఇంట్లో దాక్కోవాలని. పోయినా ఫొటోలో పడొద్దని. ఇదేనా మీరు నేర్పేది?

జానకీదేవి మేడాన్ని అడిగితే "పాత ఆర్డర్, నా చేతిలో లేదు" అన్నారు. నిజమే. అది ఎడ్వర్డ్ సారు చేతిలోనే ఉంది, ఈ సభ అయ్యేదాకా.

సారూ, నేను వాచ్‌మన్‌ను బతిమాలాను, అయినా పిల్లను లోపలికి రానివ్వలేదు. మీకు దండం పెట్టుకుంటానని వచ్చి, గేటు బయట చలిగాలిలో నిలబడి ఉంది. మైకులో ఇదంతా దానికి వినబడుతూనే ఉంటుంది. ఈ శాలువా తీసుకుపోయి దానికి కప్పుతాను. మీరు మళ్లీ ఆ ప్లాట్‌ఫారం దాకా నడిచొచ్చిన సారే అయితే, గేటు దాకా రండి, చెయ్యి పట్టి లోపలికి తీసుకురండి. అప్పుడు ఈ శాలువా అదే తీసి మీ భుజాల మీద వేస్తుంది. నేను పక్కన నిలబడి చప్పట్లు కొడతాను.

ఇంతసేపు ఓపిక పట్టిన అందరికీ నా కృతజ్ఞతలు. పిల్ల చలిలో ఉంది, నేను పోవాలి. సెలవు.