ఇప్పుడే వస్తా బామ్మా

అకితాలో వృద్ధుల సేవ నేర్పే హైస్కూలు. ముసలితనం ఎలా ఉంటుందో తెలియాలని ఒక పిల్లకు కాళ్ళకు ఇసుక మూటలు కట్టి, మసక కళ్ళద్దాలు పెట్టి కూర్చోబెట్టారు. భోజనాల గంట కొట్టగానే ఆమెను మరిచి అందరూ వెళ్ళిపోయారు.

“అయ్యో తల్లీ, ఇంకా ఇక్కడే ఉన్నావా! పిలవొద్దూ?”

“పిలిచాను టీచర్. ‘ఇప్పుడే వస్తా బామ్మా’ అని మీరే వెళ్ళిపోయారు.”

“బామ్మా అన్నానా? ఖర్మ! వృద్ధాశ్రమంలో పనిచేసినన్నాళ్ళూ అదే మాట. నోటికి అలవాటైపోయింది.”

“అని, మళ్ళీ వచ్చేవారా?”

“ఎక్కడొచ్చేది! ఇరవై మందికి ఒక్కదాన్ని. రేపు నీ గతీ అంతే.”

“రాలేనని నిజం చెప్పేయొచ్చుగా?”

“ఒక పెద్దాయనకు చెప్పాం. ఆ రోజునుంచి ఎదురుచూడ్డం మానేశాడు.”

“మంచిదేగా టీచర్?”

“అన్నం కూడా మానేశాడు.”