రాయకముందే చేరిన ఫైలు

సర్వర్ బాబాయ్ చేతిలో టీ గ్లాసు పడిందంటే కోతలకు అడ్డూ అదుపూ ఉండదు. ఎన్నో ఆఫీసుల్లో సర్వర్ కంప్యూటర్లు చూసుకుని రిటైరైనవాడు మరి. ఆ సంగతి తెలిసీ, ఇళ్ళ ప్లాన్లు గీసే అమ్మాయి ఆయన్ని వెతుక్కుంటూ టీ కొట్టుకొచ్చింది. వాళ్ళ నాలుగు బ్రాంచీలూ ఒకే ఫైళ్ళ మీద పనిచెయ్యాలంటే ఏ ఫైల్ సిస్టమ్ పెట్టాలో మధ్యాహ్నంలోగా ఆమే తేల్చాలి. పోయినేడాది నెట్ లైను తెగినప్పుడు రెండు బ్రాంచీలవాళ్ళు ఒకే ప్లాను దిద్దారు. లైను కలిశాక ఒకరి దిద్దుబాటు రెండోవాళ్ళదాన్ని మింగేసింది. ఆమె గీసిన మెట్లు పోయాయి, మేడ లేచేదాకా ఎవరూ చూసుకోలేదు. ఈసారి పొరపాటైతే ఉద్యోగం ఉండదని ఆమె భయం.

"నేను ఒక్కో ఫైలునీ మూడు మెషీన్లలో పెట్టేవాణ్ణి," అన్నాడు బాబాయ్. "తర్వాత మూడొందల్లో పెట్టాను. ఓసారి వరదొచ్చి, ఒక్కటి తప్ప అన్నీ మునిగాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఒక్కటే తెల్లారేసరికి అన్నిటినీ మళ్ళీ నింపేసింది!"

"నీళ్ళలో ఉన్నవాటినా?" అన్నాడు టీ కొట్టాయన.

"తుడిచాక లేవయ్యా! ఇక వేగమంటావా, ఇక్కడ మీట మీంచి వేలు తీసేలోపు పక్క ఊళ్ళో ఫైలు తెరిచేవాళ్ళు. ఇంకాస్త బిగించాను చూడు, రాయకముందే చేరడం మొదలెట్టింది! ఒకతని రాజీనామా మేనేజరుకి సోమవారం అందింది, అతగాడికి విసుగు పుట్టింది ఆ తర్వాతి గురువారం!"

అందరూ పడీపడీ నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది గానీ మనసు మెట్ల దగ్గరే ఉంది.

"మరి లైను తెగినప్పుడు ఇద్దరు ఒకే ఫైలు దిద్దితే ఎవరిది నిలిచేది బాబాయ్?"

"ఇద్దరిదీనూ! ఆకాశం విరిగిపడ్డా నాది ఆగేది కాదమ్మాయ్."

"మా ఆఫీసులో ఉన్నదీ లైను తెగినా ఆగనిదే, అందుకే నా మెట్లు పోయాయి. పొద్దున పాత కాగితాలు తీశాను. అది పెట్టించింది మీరే, కింద మీ సంతకముంది."

బాబాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"ఆగితే జనం తిడతారని భయపడ్డానమ్మా," అన్నాడు. గొంతులో కోతలవాడు లేడు. "లైను తెగితే దిద్దనివ్వనిదాన్ని తీసుకో. కాసేపు పని ఆగుతుంది, మీ పనికి అదే మంచిది."

"అందరూ నన్ను తిడతారు కదా?"

"నేను చెప్పానని చెప్పు."