పెంచలయ్య అంబాసిడరు ఎందుకు తెమల్లేదంటే

వడమాలపేట పెంచలయ్యకు ఉన్న ఆస్తులు రెండే. ఒకటి తెల్ల అంబాసిడరు కారు, రెండోది నోరు. కారు బాడుగలకు తిరిగేది, నోరు ఊరికే తిరిగేది. తొంభైతొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో గేరుబాక్సు పోయి ఆ కారు కాస్తా తిరుపతి బయట రేణిగుంట రోడ్డులో మునిశేఖర్ షెడ్డుకు చేరింది. ఇక పెంచలయ్యకు మిగిలింది నోరొక్కటే.

మునిశేఖర్ చెడ్డ మెకానిక్కేం కాదు, చేతిలో పనుంది. లేనిదల్లా, వచ్చినవాళ్ళకు కుదరదని చెప్పే గుణం. ఏ బండి వచ్చినా లోపలికి తోయించుకునేవాడు. ఏ మనిషి అడిగినా "రేపు రాన్నా" అనేవాడు. షెడ్డు నిండిపోయి బళ్ళు రోడ్డు దాకా వచ్చినా ఆ రేపు మాత్రం వచ్చేది కాదు.

మొదట్లో పెంచలయ్య కూడా అందరి మాదిరే వచ్చి అతని నెత్తిన నిలబడేవాడు. ఒకరోజు మునిశేఖర్ గ్రీజు చేతులు తుడుచుకుంటూ అతన్ని పక్కకు పిలిచాడు.

"అన్నా, గిరాకీలంతా వచ్చి 'అయిందా, అయిందా' అంటా ఉంటే నాకు చెయ్యాడదు. నీ మాటంటే ఎవురైనా చెవులప్పగించి వింటారు. వాళ్ళను ఎదురుగా సిద్ధమ్మ టీ అంగడి కాడ కూసోబెట్టి నాలుగు మాటలు చెప్తా ఉండు. నేను ప్రశాంతంగా నీ బండి పని చూసుకుంటా."

పెంచలయ్య పొంగిపోయాడు. భార్య చంద్రకాంతమ్మ మొదలుకొని బస్సు కండక్టరు దాకా ఇన్నాళ్ళూ అందరూ అతన్ని నోరు ముయ్యమన్నవాళ్ళే. మాట్లాడమని బతిమాలిన మనిషి పుట్టాక ఇతనొక్కడే. ఆ రోజు నుంచి పొద్దున్నే వడమాలపేటలో బస్సెక్కడం, సిద్ధమ్మ అంగడి బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చోవడం, కోపంగా వచ్చినవాళ్ళకు కథ చెప్పి నవ్వించి పంపడం అతనికి ఉద్యోగమైపోయింది. రెండో టీ తాగేసరికి వాళ్ళు వచ్చిన పనే మరిచిపోయి ఇంటిదారి పట్టేవాళ్ళు. అంబాసిడరు మాత్రం షెడ్డు మూల ఎక్కడ ఆగిందో అక్కడే ఉండేది.

అట్లా సుబ్రమణ్యస్వామి పండగ ఆడికృత్తిక దగ్గరపడింది. సత్యవేడు జ్ఞానాంబ ఏటా ఆ పండగకు పిల్లాజెల్లా అందరితో తిరుత్తణి, కాళహస్తి, కాణిపాకం తిరిగేది. ఎన్నేళ్ళుగానో ఆ బేరం పెంచలయ్య కారుదే. ఆ పొద్దున వడమాలపేట ఫోను బూత్‌కు ఆమె ఫోను వచ్చింది.

"పై శుక్రవారం వస్తాండాం పెంచలయ్యా. బండి బాగుండాది గదా? లేదంటే చెప్పు, ఈడే సుమో మాట్లాడుకుంటాం. పిలకాయలు అదే కావాలని ఏడుస్తా ఉండారు."

"బండికేమమ్మా! గుర్రం మాదిరి ఉండాది," అన్నాడు పెంచలయ్య.

ఫోను పెట్టేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలిసిరాలేదు. సుమో ఒక్కసారి ఎక్కితే ఆ పిల్లలు మళ్ళీ అంబాసిడరు ముఖం చూడరు. ఈ బేరం పోతే దాన్ని చూసి వచ్చే బేరాలన్నీ పోతాయి. బస్సు దిగి నేరుగా షెడ్డుకే పోయాడు. మునిశేఖర్ ఎవరిదో కారు కింద దూరి ఉన్నాడు, కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.

"మునిశేఖరా, శుక్రవారానికి బండి కావాలప్పా. ఇంగ తప్పదు."

"గేరుబాక్సు సామాను మదరాసు నించి రావాలన్నా, అదొస్తే ఒక్కపూట పని," అన్నాయి కాళ్ళు. "అదిగో, ఆ ఇద్దరూ పొద్దన్నుంచి నా మింద పడతా ఉండారు. కొంచెం చూసుకో."

పెంచలయ్య ఎదుటికి చూశాడు. అంగడి ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు కార్వేటినగరం మామిడితోటల ప్రతాప్. కాయలు చెట్టు మీదే పండిపోతుంటే, వాటిని దించి తోలాల్సిన అతని జీపు ఈ షెడ్డులో పడుంది. ఇంకొకామె రెబెకా. బడిపిల్లల్ని దించే వ్యాను ఆమెది. వ్యాను లేక ఆమె మొగుడు ఆ పిల్లల్ని స్కూటరు మీద ముగ్గురేసి చొప్పున మోస్తున్నాడు. ఇద్దరి ముఖాలూ మాడిపోయి ఉన్నాయి. మాడిన ముఖం కనబడిందంటే పెంచలయ్య నోరు ఊరుకోదు. తన దిగులు తనకు ఉండగానే కాళ్ళు రోడ్డు దాటేశాయి.

"సిద్ధమ్మా, మూడు టీలు. కూసోమ్మా, కూసోప్పా. ఏందీ, లేటని బాధపడతా ఉండారా? ఇది లేటంటారా? నేను చూసిన లేటు మీరు చూడలేదు. ఇదే బండిని ముందొకసారి చిత్తూరు కాడ ఒక షెడ్డులో ఇడిసినా. పేరెందుకులే, పెద్దమనిషి. 'రేపు' అన్నాడు, పోయినా. మళ్ళా 'రేపు' అన్నాడు. నేను నోరెత్తలా. ఊరకే ఒక్క చూపు చూసినా. అంతే, మధ్యాన్నానికల్లా బండి కడిగి బొట్టుపెట్టి చేతికిచ్చినాడు."

"ఒక్క చూపుకేనా?" అన్నాడు ప్రతాప్, కూర్చోకుండానే. అతని కళ్ళు షెడ్డు వైపే ఉన్నాయి.

చూపు చాల్లేదని పెంచలయ్యకు అర్థమైంది.

"ఆ చూపు వెనక ఎంత కత ఉండాదో తెలిస్తే గదప్పా నీకు! ఆ రేపు, రేపు అనేది ఎన్నాళ్ళు జరిగిందనుకుంటివి? బండి ఇడిసిన రోజు ఒక మామిడిపండు తిని టెంక ఆడనే ముందు చక్రం కాడ పారేసినా. ఆ టెంక మొలిచింది. మొలిచి, ఇంజను సందులోంచి పైకొచ్చి, బానెట్టును ఇట్ట తలతో ఎత్తి, కొమ్మలేసి, పూతకొచ్చి, కాయలు కాసింది. నాటుకాయలు గాదు సామీ, బంగినపల్లి బేనీషా!"

ప్రతాప్ చటుక్కున ఇటు తిరిగాడు. "టెంక మొలిస్తే నాటుకాయలు గదా కాసేది? బేనీషా యాట్నించి వస్తాది?"

"అంటు కట్టినా! అన్నాళ్ళు ఊరకే కూసుంటే పొద్దు పోవద్దా?"

ప్రతాప్ నోరు తెరిచి, మూసి, బెంచీ మీద కూర్చున్నాడు. కారులోంచి చెట్టు మొలవడం గురించి అతనికి పేచీ ఉన్నట్టు లేదు. అంటు కట్టిన సంగతితో తోట మనిషికి తృప్తి కలిగింది. రెబెకా మాత్రం టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని పెంచలయ్య ముఖంలోకి చూస్తూ వింటోంది.

"ఆ తర్వాత ఏమైందో తెల్సునా? 'నువ్వు బండి ఇచ్చేదాకా నేను కదిలితే ఒట్టు' అని దాంట్లోనే కాపురం పెట్టినా. ముందు సీటు వంటిల్లు, వెనక సీటు పడకటిల్లు. డిక్కీ ఊరకే ఎందుకని ఒక టైలరుకు బాడుగకిచ్చినా, మిషనుతో సహా చేరినాడు. తలుపు నంబరేదంటే బండి నంబరే. దాని మిందనే నాకు రేషను కారడు వచ్చింది, ఓటొచ్చింది. ఎలచ్చన్లలో నిలబడినోళ్ళంతా వరసగా వచ్చి అద్దంలో తలకాయ పెట్టి దండాలు పెట్టి పోయినారు. ఒకాయనైతే కంగారులో వైపరును పట్టుకోని, నా చెయ్యనుకోని ఊపి పోయినాడు!"

సిద్ధమ్మ టీ వంచుతూ వంచుతూ గ్లాసు బయట పోసేసింది. రోడ్డున పోతున్న ఇద్దరు ముగ్గురు ఆగి వినసాగారు. పెంచలయ్యకు ఒళ్ళు తేలికైంది. శుక్రవారం లేదు, సుమో లేదు. ఎదురుగా తెరుచుకున్న నోళ్ళు మాత్రం ఉన్నాయి.

"సామానేమో మదరాసు నించి రానే రాదు. ఇంగ ఇది కాదని మా ఇంట్లో పిండి రుబ్బే గ్రైండరును నెత్తిన పెట్టుకోని పోయి, గేరుబాక్సు ఉండే చోట దాన్ని బిగించినా. సెల్ఫు కొడితే గుర్రుమనింది! ఆ మెకానిక్కు కళ్ళు తిరిగి పడినాడు. నేనాగలా. నేరుగా కొండకు తోలినా. ఘాటురోడ్డు ఎక్కతా ఉంటే లోపల ఏందో గరగరా, గరగరా. ఏందబ్బా అని చూస్తే, మా ఆడది నానబెట్టిన బియ్యమూ ఉద్దిబేళ్ళూ ఆ గ్రైండరులోనే ఉండాయి! ఒక్కో మలుపు తిరిగే కొద్దీ పిండి మెత్తగా, వెన్న మాదిరి అవతా ఉండాది. పారేస్తామా? చక్రాల మూతలు ఊడదీసి పిండి పోసి రేడియేటరు ఆవిరి మింద పెట్టినా. మోకాళ్ళ పర్వతం కాడికి పోయేసరికి ఇడ్లీలు! నడిచి కొండెక్కే గోవిందలందరికీ పంచినా."

"చట్నీ?" అంది రెబెకా.

"మామిడికాయలు ఉండాయి గదమ్మా చెట్టుకు! బానెట్టు మింద చెట్టు అట్లనే ఉండాది, దాన్ని ఎవురు కొట్టినారు? ఆ చెట్టే గదా నన్ను కాపాడింది! దిగేటప్పుడు బ్రేకులు పోయినాయి. ఇంగ నా పని అయిపోయిందనుకున్నా. అంతలో కొండగాలి లేచి, ఆ చెట్టు కొమ్మల్లో దూరి, బండిని అట్ట, అట్ట పైకి లేపింది. కింద తిరుపతంతా అగ్గిపెట్టెల మాదిరి కనపడతా ఉండాది. స్టీరింగు ఇట్ట తిప్పి నేరుగా రేణిగుంట ఇమానాశ్రయంలో దించినా. అప్పుడే దిగబోతా ఉండిన ఇమానం నన్ను చూసి గాల్లోనే ఒక చుట్టు తిరిగింది. పైలెట్టు కిటికీలోంచి చెయ్యూపి, 'ముందు నువ్వు పో పెంచలన్నా' అన్నాడు!"

అందరూ ఒక్కసారిగా నవ్వారు. ప్రతాప్ తొడ మీద కొట్టుకుని మరీ నవ్వాడు. పెంచలయ్య భుజం మీది తువ్వాలు దులిపి మళ్ళీ వేసుకున్నాడు.

రెబెకా కూడా నవ్వింది. నవ్వి, గ్లాసు కింద పెట్టింది.

"కత బాగుండాదన్నా. నేను ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోవద్దు. మా వ్యాను బాగైతే నేను ఎళ్ళిపోతా. ఈయన జీపు బాగైతే ఈయన పోతాడు. నీ కారు బాగైతే నువ్వూ పోతావు గదా?"

"పోతా. పోకుండా?"

"మన ముగ్గురిలో ఎవురు పోతే ఆ మెకానిక్కుకు నష్టమన్నా?"

సిద్ధమ్మ గ్లాసులు కడగడం ఆపింది.

"నేను ఎప్పట్నుంచో అనుకుంటానే ఉండా," అంది ఆమె మెల్లగా. "నువ్వు కూసుంటే నాకూ బేరం బాగుండాది. అందుకే చెప్పలేదు నాయనా."

పెంచలయ్య లేచి రోడ్డవతలికి చూశాడు. ఇన్నాళ్ళూ కథ చెబుతూ ఎదుటివాళ్ళు షెడ్డు వైపు చూడకుండా కాచాడే గానీ, తను మాత్రం అటు సరిగ్గా చూడలేదు. అంబాసిడరు తెలుపు దుమ్ము కింద మాసిపోయింది. బానెట్టు మీద మునిశేఖర్ తన చొక్కాలు ఉతికి ఆరేసుకున్నాడు. తీగ మీద ఆరేసినంత ధీమాగా, వరసగా. చంద్రకాంతమ్మ రోజూ "ఈ పొద్దన్నా అయిందా?" అని అడగడం, తను రోజూ ఒక కొత్త కథ చెప్పడం గుర్తొచ్చి తల దించుకున్నాడు.

అంతలో ఫియట్ కారొకటి దగ్గుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. లోపలి నుంచి మునిశేఖర్ కేకేశాడు. "పెంచలన్నా! కొత్త పార్టీ, కొంచెం చూసుకో!"

ఫియట్ పెద్దమనిషి రోడ్డు దాటి వచ్చాడు. "ఏమన్నా, ఈయన బిన్నా, రేపటికల్లా చేసిస్తాడా?"

బెంచీ మీదివాళ్ళంతా పెంచలయ్య వైపు తిరిగారు.

"చెయ్యడు," అన్నాడు పెంచలయ్య.

ఆ పెద్దమనిషి తరువాతి మాట కోసం కాసేపు చూశాడు. ఆయన వెనక్కి పోయి కారు తిప్పుకుని, దగ్గించుకుంటూనే వెళ్ళిపోయాడు. మునిశేఖర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏం చెప్పినావన్నా ఆయనకు?"

"అడిగినదానికి చెప్పినా. రేపు వచ్చేవాళ్ళకూ ఇదే చెప్తా. పొద్దన్నే బస్సుకొచ్చి సాయంత్రం దాకా ఈడే గదా నేనుండేది."

"సామాను మదరాసు నించి..."

"మదరాసుకు బస్సులుండాయి గదప్పా," అంటూ ప్రతాప్ లేచి పెంచలయ్య పక్కన నిలబడ్డాడు. రెబెకా అప్పటికే నిలబడి ఉంది. మునిశేఖర్ ముగ్గురి ముఖాలూ చూశాడు. తిరిగి వెళ్ళి ముందుగా బానెట్టు మీద చొక్కాలు తీసుకున్నాడు.

రెబెకా వ్యాను ఆ సాయంత్రమే బయటపడింది, జీపు మరునాడు. మునిశేఖర్ తనే మదరాసు పోయి సామాను తెచ్చాడు. అంబాసిడరు కింద అతను పడుకుని పనిచేస్తుంటే పెంచలయ్య పక్కనే పీట వేసుకుని, పెదవి కదపకుండా కూర్చున్నాడు. ఆ మౌనం మునిశేఖర్‌కు అంతకు ముందు గిరాకీల గోల కన్నా భారమైపోయింది.

"అన్నా, ఏమన్నా మాట్లాడన్నా. ఏందోగా ఉండాది," అని కారు కింది నుంచి బతిమాలాడు.

"పని చూడప్పా," అన్నాడు పెంచలయ్య.

శుక్రవారం పొద్దున అంబాసిడరు సత్యవేడు వాళ్ళతో కాణిపాకం దారి పట్టింది. సుమో దక్కని పిల్లలు వెనక సీటులో మూతులు ముడుచుకుని కూర్చున్నారు. వాళ్ళను ఊరడించాలని పెంచలయ్య గొంతు సవరించుకున్నాడు. ఈసారి కోతలు అక్కర్లేదనిపించింది, జరిగిందే చాలు.

"ఈ బండి షెడ్డులో పడి తెమల్లేదమ్మా. ఎండాకాలంలో ఇడిస్తే ఆడికృత్తికదాకా రాలేదు. కడాకు నేను ఒకే ఒక్క మాటన్నా. 'చెయ్యడు' అన్నా. అంతే! మెకానిక్కు తనే మదరాసు బస్సెక్కి పోయి సామాను తెచ్చి బిగించినాడు."

అందులో వెంట్రుకవాసి కూడా కలిపింది లేదు. వెనక నుంచి జ్ఞానాంబ పకపకా నవ్వింది.

"నువ్వు? ఒక్క మాటతో ఆపినావా? పో పెంచలయ్యా! ఇన్నేళ్ళుగా నీ కతలు వింటా ఉండాను, ఇంత అబద్ధం ఏనాడూ చెప్పలేదు నువ్వు."